చదువు పెరిగితే ఈమాన్ తరుగుతుందా?

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం పది రోజుల్లో ఖమ్మం, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం వైపు ముస్లిం ఇళ్ళల్లో దాదాపు ఒకే చర్చ నడుస్తుంది. పిల్లకి మార్కులు బాగా వచ్చాయి. హైదరాబాద్‌లో సీటు వచ్చేలా ఉంది. తండ్రికి ఫీజు భయం, తల్లికి హాస్టల్ భయం. ఈ రెండింటికీ ఏదో ఒక దారి దొరుకుతుంది. దారి దొరకనిది మూడో భయం. ఇంట్లో పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు మెల్లగా ఆ మాట అననే అంటారు: "బాగా చదివినోళ్ళకి నమాజు గుర్తుంటదా? చదువు తలకెక్కితే దేవుడు దిగిపోతడు."

దీనికి ఎదురు మాట కూడా అదే ఇంట్లో వినిపిస్తుంది. సెలవులకి సిటీ నుంచి వచ్చిన కుర్రాడు నానీ తస్బీ తిప్పుకుంటూ కూర్చోవడం చూసి నవ్వుతాడు. "చదువు లేదు కాబట్టే ఇదంతా" అంటాడు. నానీకి వినపడదనుకుంటాడు. ఆమెకి వినపడుతుంది.

పెద్దాయన మాట, కుర్రాడి మాట వేర్వేరుగా కనిపిస్తాయి కానీ రెండింటి కింద ఉన్న నమ్మకం ఒకటే. చదువు, దేవుడు తక్కెడలో రెండు పళ్ళేల్లాంటివని, ఒకటి బరువెక్కితే రెండోది పైకి లేచిపోతుందని ఇద్దరూ అనుకుంటున్నారు. ఈ లెక్క మీదనే కొన్ని ఇళ్ళల్లో ఆడపిల్ల చదువు ఇంటర్‌తో ఆగిపోతోంది. ఈ లెక్క మీదనే చదువు రాని ముసలివాళ్ళు తమ ఇంట్లోనే చిన్నబోతున్నారు. కాబట్టి ఆ లెక్క నిజమో కాదో ఒకసారి తీరిగ్గా చూడాలి.

తెలివి వేరు, చదువు వేరు

ముందు మాటలు విడదీసుకోవాలి. అఖ్ల్ అంటే తెలివి, బుద్ధి. తాలీమ్ అంటే చదువు, అంటే బడిలో గడిపిన ఏళ్ళు, చేతికొచ్చిన సర్టిఫికెట్లు. ఈమాన్ అంటే విశ్వాసం. మాటల్లో ఈ మూడింటినీ ఒకే మూటలో కట్టేస్తారు. బడికి పోనివాళ్ళకి తెలివి లేదని, తెలివి ఉన్నవాళ్ళకి నమ్మకం ఉండదని అనేస్తారు.

భద్రాచలం అడవి అంచున కాసేపు నిలబడి చూస్తే ఈ మూట విడిపోతుంది. వేసవిలో తునికాకు సీజన్ వస్తుంది. తెల్లారకముందే కోయ ఆడవాళ్ళు అడవిలోకి పోతారు. ఏ ఆకు బీడీకి పనికొస్తుంది, ఏది ముదిరింది, దేనికి పురుగు పట్టింది అన్నది చేత్తో తాకి చెబుతారు. 50 ఆకులకి ఒక కట్ట కట్టి కల్లానికి తెస్తారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. లెక్క తప్పితే కూలి పోతుంది, కాబట్టి లెక్క తప్పదు. వాళ్ళలో చాలామంది బడి మొహం చూసి ఉండరు. అంతమాత్రాన వాళ్ళకి తెలివి లేదని ఎవరైనా అంటే, అతన్ని ఒక్క రోజు అడవిలో వదిలిపెడితే చాలు.

చదువు లేని తెలివి ఉంది. తెలివి పెంచని చదువూ ఉంది. ఇక వీటికి నమ్మకంతో ఉన్న సంబంధం ఏమిటన్నది ప్రశ్న.

దమ్మక్క, గోపన్న, తానీషా

ఈ ప్రశ్నకి భద్రాచలం కథే మంచి ఉదాహరణ. భద్రగిరి మీద విగ్రహాలని మొదట గుర్తించి, వాటికి పందిరి వేసి, అడవిలో దొరికిన పళ్ళు నైవేద్యం పెట్టింది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని స్థలపురాణం చెబుతుంది. ఆమె బడికి పోయిందని ఏ కథా చెప్పదు.

అదే కొండ మీద గుడి కట్టించిన కంచర్ల గోపన్న సంగతి వేరు. ఇప్పటి ఖమ్మం జిల్లా నేలకొండపల్లి ఆయన ఊరు. గోల్కొండ సుల్తాన్ అబుల్ హసన్ కుతుబ్ షా కాలంలో పాల్వంచ పరగణాకి తహసీల్దారు. శిస్తు లెక్కలు, దస్తావేజులు, సర్కారు వ్యవహారం అన్నీ తెలిసిన ఉద్యోగి. గోల్కొండ దర్బారులో పెద్ద పదవుల్లో ఉన్న అక్కన్న, మాదన్నలు ఆయనకి మేనమామలు. అంత చదువూ హోదా ఉన్న మనిషి శిస్తు డబ్బు గుడికి ఖర్చు పెట్టి గోల్కొండ ఖైదులో పడ్డాడు. లోకం ఆయన్ని భక్త రామదాసు అని పిలుచుకుంది.

ఇక తానీషా అని పేరుపడ్డ ఆ సుల్తాన్, గద్దె ఎక్కకముందు హైదరాబాద్‌లో షా రాజు అనే సూఫీ దగ్గర మురీదుగా ఉన్నాడు. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు వచ్చే ఆనవాయితీని జనం ఇప్పటికీ ఆయన పేరుతోనే చెప్పుకుంటారు.

బడి తెలియని అడవి బిడ్డ, లెక్కలు తెలిసిన తహసీల్దారు, రాజ్యమేలిన సుల్తాన్. ముగ్గురి చదువులు వేరు, మతాలు కూడా ఒకటి కాదు. దేవుణ్ణి నమ్మడంలో మాత్రం ముగ్గురూ ఒకటే. ఒక్క కథతో సిద్ధాంతం తేలదన్నది నిజమే. కానీ చదువు నమ్మకాన్ని తప్పకుండా తినేస్తుందన్న మాట ఈ ప్రాంతంలో మొదటి అడుగులోనే తడబడుతుంది.

పరిశోధకులు ఏం తేల్చారు

కథలు పక్కనపెట్టి అంకెలు చూద్దాం అనేవాళ్ళు ఉంటారు. అది సబబే. అంకెల్ని దాచిపెట్టాల్సిన పని కూడా లేదు.

2013లో అమెరికాలో మిరాన్ జుకర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు అంతవరకు జరిగిన 63 అధ్యయనాలని ఒకచోట పెట్టి లెక్క తీశారు. తెలివి పరీక్షలో వచ్చిన మార్కులకీ మతవిశ్వాసానికీ సంబంధం ఉందా అన్నది వాళ్ళ ప్రశ్న. 53 అధ్యయనాల్లో మార్కులు ఎక్కువున్న చోట మతవిశ్వాసం కొంత తక్కువగా కనిపించింది. 10 అధ్యయనాల్లో దీనికి తిరగబడి కనిపించింది. పేపర్లలో, సోషల్ మీడియాలో "తెలివైనవాళ్ళు దేవుణ్ణి నమ్మరు" అన్న హెడ్డింగులకి మూలం ఇదే.

కానీ ఆ హెడ్డింగు చెప్పని సంగతులు మూడు ఉన్నాయి.

మొదటిది, ఆ సంబంధం ఎంత బలమైనది అన్నది. సగటు మైనస్ 0.24గా వచ్చింది. మామూలు మాటల్లో చెప్పాలంటే, మనుషుల మధ్య విశ్వాసంలో కనిపించే తేడాలో దాదాపు 6 శాతమే తెలివి మార్కులతో కలిసి నడుస్తోంది. మిగతా 94 శాతానికి పెంపకం, ఊరు, స్నేహాలు, కష్టసుఖాలు, కాలం లాంటి వేరే కారణాలు వెతుక్కోవాలి. ఒక మనిషి మార్కులు చూసి అతను దేవుణ్ణి నమ్ముతాడా లేదా అని చెప్పడానికి ఈ సంబంధం ఎందుకూ పనికిరాదు.

రెండోది, ఎవరిని అడిగారు అన్నది. ఆ అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్ళలో అత్యధికులు అమెరికా, బ్రిటన్, కెనడా దేశాలవాళ్ళు. దానికి క్రైస్తవ నేపథ్యం ఎక్కువ. ముస్లింలు, హిందువులు, గిరిజనులు ఆ లెక్కలో లేనట్టే. ఇతర మతాలు, సంస్కృతుల గురించి తమ దగ్గర చాలినంత సమాచారం లేదని పరిశోధకులే రాసుకున్నారు.

మూడోది, ఏది కారణం, ఏది ఫలితం అన్నది. రెండు సంగతులు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. గోదావరి పొంగినప్పుడల్లా భద్రాచలంలో గొడుగులు ఎక్కువ కనిపిస్తాయి. గొడుగులు వరద తేలేదు. రెండింటినీ తెచ్చింది వాన.

నోటు పుస్తకం లెక్క

ఇంకో వాదన ఉంది. నమ్మకం అంటే మనసుకి తట్టింది తట్టినట్టు ఒప్పుకోవడమని, ఆగి ఆలోచించేవాళ్ళు నమ్మకానికి దూరమవుతారని. దీన్ని పరీక్షించడానికి ఇలాంటి చిక్కు లెక్కలు ఇస్తారు: ఒక పెన్ను, ఒక నోటు పుస్తకం కలిపి 110 రూపాయలు. పెన్ను కంటే పుస్తకం 100 రూపాయలు ఎక్కువ. పెన్ను ధర ఎంత? చాలామంది నోటికి వెంటనే వచ్చే జవాబు 10. అది తప్పు. పెన్ను 5, పుస్తకం 105.

ఇలాంటి లెక్కలు ఆగి చేసేవాళ్ళలో విశ్వాసం కొంచెం తక్కువని 2012లో అమెరికా, కెనడాల నుంచి పరిశోధనలు వచ్చాయి. మనిషిని కాసేపు తార్కికంగా ఆలోచించేలా చేస్తేనే విశ్వాసం తగ్గిందని కూడా ఒకటి చెప్పింది. తర్వాత వేరేవాళ్ళు అదే ప్రయోగాన్ని మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. 2018లో 13 దేశాల్లో చూసినప్పుడు ఆ సంబంధం బలహీనమైనదని, దేశాన్ని బట్టి మారిపోతోందని తేలింది. ఆ పేపరు రాసినవాళ్ళలో 2012 ప్రయోగం చేసిన పరిశోధకుడే ముందున్నాడు. తన మాట తానే సరిదిద్దుకోవడం మంచి పాండిత్యానికి గుర్తు. అలాంటి సరిదిద్దుళ్ళు హెడ్డింగుల దాకా రావు.

కొలబద్దలోనే చిక్కు

తెలివిని కొలిచే పరీక్షలు ఎక్కడ పుట్టాయో కూడా తెలుసుకోవాలి. 1905లో ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే తయారు చేసిన పరీక్ష, బడిలో వెనకబడిన పిల్లల్ని గుర్తించి సాయం చేయడానికి. ఎవరు గొప్ప, ఎవరు తక్కువ అని తేల్చడానికి కాదు.

1931, 1932 సంవత్సరాల్లో అలెగ్జాండర్ లూరియా అనే రష్యన్ శాస్త్రవేత్త ఉజ్బెకిస్తాన్ పల్లెలకి వెళ్ళాడు. అక్కడివాళ్ళు ఎక్కువగా ముస్లిం రైతులు, చాలామందికి అక్షరం రాదు. సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ బొమ్మలు చూపించి, వీటిలో ఏది కలవదో చెప్పమన్నాడు. బడి చదివినవాళ్ళు దుంగ తీసేశారు, మిగతా మూడూ పనిముట్లు కాబట్టి. బడికి పోని రైతులు ఏదీ తీయనన్నారు. దుంగ లేకపోతే రంపానికి, గొడ్డలికి పనేముంది అన్నది వాళ్ళ ధోరణి. తాము చూడని చలిదేశాల్లో ఎలుగుబంట్లు ఏ రంగులో ఉంటాయో తర్కంతో చెప్పమంటే, చూడని సంగతి మాట్లాడడానికి ఒప్పుకోలేదు.

పరీక్ష లెక్కలో అది తప్పు జవాబు. బతుకు లెక్కలో తప్పని ఎవరంటారు? బడి ఒక రకం ఆలోచనకి అలవాటు చేస్తుంది, పరీక్ష ఆ అలవాటునే కొలుస్తుంది. 2018లో ఆరు లక్షలమందికి పైగా మనుషుల సమాచారం చూసిన ఒక పరిశీలన, బడిలో గడిపిన ఒక్కో అదనపు సంవత్సరానికి తెలివి మార్కులు 1 నుంచి 5 దాకా పెరుగుతున్నాయని చెప్పింది. అంటే ఆ మార్కులు పుట్టుకతో వచ్చిన ముద్ర కావు.

చింతూరు, చర్ల వైపు కోయ పిల్ల ఇంట్లో కోయ మాట్లాడుతుంది. బడిలో తెలుగు, పై తరగతుల్లో ఇంగ్లీషు. మూడో భాషలో రాసిన పరీక్షలో ఆ పిల్లకి మార్కులు తగ్గితే, కొలిచింది ఆమె తెలివినా, భాషనా?

బడి ఏళ్ళు, నమ్మకం

ఇక తెలివి సంగతి వదిలి చదువు సంగతి. ప్యూ పరిశోధన సంస్థ 2016లో 151 దేశాల సమాచారంతో ఏ మతంవాళ్ళు సగటున ఎన్నేళ్ళు బడిలో చదివారో లెక్కగట్టింది. యూదులు 13.4 ఏళ్ళు, క్రైస్తవులు 9.3, ఏ మతానికీ చెందనివాళ్ళు 8.8, బౌద్ధులు 7.9. ముస్లింలు, హిందువులు ఇద్దరూ 5.6 ఏళ్ళు.

ముస్లిం కుటుంబాలకి ఈ చివరి అంకె చేదుగానే ఉంటుంది. దాన్ని మింగాల్సిందే. కానీ ఇందులో ఇంకో సంగతి ఉంది. చదువే మతాన్ని పోగొట్టేటట్టయితే మతం లేనివాళ్ళు అందరికంటే పైన ఉండాలి. లేరు. క్రైస్తవులు వాళ్ళకంటే ముందున్నారు, యూదులు ఇంకా ముందున్నారు.

చదువు ప్రభావం అస్సలు లేదని కూడా అనకూడదు. కెనడాలో బడి వయసు చట్టాలు మారినప్పుడు ఏమైందో ఒక ఆర్థికవేత్త చూశాడు. ఒక సంవత్సరం ఎక్కువ చదివినవాళ్ళలో తమకి ఏ మతమూ లేదని చెప్పేవాళ్ళు దాదాపు 4 శాతం పాయింట్లు పెరిగారు. అది నిజం. దానికి పక్కనే ఇంకో నిజం: 2007లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, కాలేజీకి పోయిన యువత కంటే పోని యువతే ఎక్కువగా ప్రార్థనలకి, మతానికి దూరమయ్యారు. ఇల్లు వదలడం, కొత్త స్నేహాలు, పని, ఒంటరితనం లాంటివి క్లాసులో పాఠం కంటే బలంగా పనిచేస్తున్నాయన్నమాట.

శాస్త్రవేత్తల మాటేమిటి? 1916లో జేమ్స్ ల్యూబా అనే ఆయన అమెరికా శాస్త్రవేత్తల్ని అడిగితే సుమారు 40 శాతం దేవుణ్ణి నమ్ముతామన్నారు. 80 ఏళ్ళ తర్వాత, 1996లో అదే ప్రశ్న మళ్ళీ అడిగితే మళ్ళీ సుమారు 40 శాతమే. అయితే ఆ దేశపు జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యుల్లో మాత్రం 7 శాతమే నమ్ముతామన్నారు. ఈ అంకెని నాస్తికులు తరచుగా చూపిస్తారు, చూపించే హక్కు వాళ్ళకుంది. కానీ 2016లో ఎనిమిది ప్రాంతాల్లో శాస్త్రవేత్తల్ని అడిగిన సర్వేలో ఇండియా, టర్కీ, ఇటలీ, తైవాన్ శాస్త్రవేత్తల్లో సగానికి పైగా తాము మతస్థులమనే చెప్పారు. హాంకాంగ్, తైవాన్‌లలో మామూలు జనం కంటే శాస్త్రవేత్తల్లోనే మతవిశ్వాసం ఎక్కువ కనిపించింది. అదే భౌతికశాస్త్రం, అవే సూత్రాలు, మనుషుల నమ్మకాలు మాత్రం దేశాన్ని బట్టి మారాయి.

ఇండియా విషయంలో అయితే లెక్క ఇంకా తేలిక. 2019 చివర, 2020 మొదట్లో ప్యూ దాదాపు 30,000 మందిని అడిగితే 97 శాతం దేవుణ్ణి నమ్ముతామన్నారు. వందమందిలో డిగ్రీ ఉన్నవాళ్ళు పదిమందే అనుకుందాం. నమ్మని ముగ్గురూ ఆ పదిమందిలోనే ఉన్నారనీ అనుకుందాం. అప్పుడు కూడా డిగ్రీ ఉన్న పదిమందిలో ఏడుగురు నమ్మేవాళ్ళే.

నీళ్ళు 53 అడుగులు దాటినప్పుడు

మరి ధనిక దేశాల్లో నమ్మకం ఎందుకు తగ్గింది? పిప్పా నోరిస్, రోనాల్డ్ ఇంగిల్‌హార్ట్ అనే ఇద్దరు పండితులు 2004లో ఒక వివరణ ఇచ్చారు. బతుక్కి భద్రత దొరికిన చోట, అంటే జబ్బు చేస్తే ఆస్పత్రి, ముసలితనానికి పెన్షన్, ఉద్యోగం పోతే భత్యం ఉన్న చోట మతం పట్టు సడలుతుందని. చదువుకున్నవాళ్ళు సాధారణంగా భద్రత ఉన్నవాళ్ళు కూడా. కాబట్టి చదువు ప్రభావంగా కనిపించేదాంట్లో కొంత అసలు భద్రత ప్రభావం కావచ్చు.

ఈ మాట గోదావరి ఒడ్డువాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర నీళ్ళు 43 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జూలైలో 71.3 అడుగులు. అలాంటి రాత్రి దువాకి చేతులెత్తినవాళ్ళలో లెక్చరర్ ఉంటాడు, కూలీ ఉంటాడు. అయితే ఆపదలో గుర్తొచ్చే దేవుడు ఆపద తీరాక కూడా గుర్తుంటాడా అన్నది చదువు తేల్చే ప్రశ్న కాదు. అది ప్రతి మనిషీ తనకి తాను తేల్చుకోవాల్సింది.

ఒకే దీన్, వేర్వేరు అంకెలు

ముస్లింలు చదువులో వెనకబడడానికి వాళ్ళ మతమే కారణమని బయటివాళ్ళు కొందరు, లోపలివాళ్ళు కొందరు అంటుంటారు. 2001 జనాభా లెక్కలు దీనికి జవాబు చెబుతాయి. ఆ ఏడాది కేరళ ముస్లింలలో అక్షరాస్యత 89.4 శాతం. బీహార్ ముస్లింలలో 42 శాతం. హర్యానాలో 40 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముస్లింలలో 68 శాతం. అది అప్పటి రాష్ట్ర సగటు 60.5 కంటే ఎక్కువ.

ఖురాన్ ఒకటే, నమాజు ఒకటే, రంజాన్ ఒకటే. అక్షరాస్యతలో మాత్రం సగానికి సగం తేడా. తేడా తెచ్చింది ఈమాన్ కాదు. బడి ఎంత దూరం, ఊరా పట్నమా, తండ్రి సంపాదన ఎంత, సర్కారు ఏం చేసింది, ఆడపిల్లని పంపారా లేదా అన్నవి తెచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలు పట్టణాల్లో ఎక్కువగా ఉండడం కూడా ఆ 68కి ఒక కారణం. ముస్లిం పిల్లలంతా మద్రసాలకే పోతారన్న మాట కూడా నిలవలేదు. బడి వయసు ముస్లిం పిల్లల్లో మద్రసాలో చదివేది సుమారు 3 శాతమేనని 2006లో సచార్ కమిటీ తేల్చింది.

గోరా, కలాం

చదువుకుని నాస్తికులైనవాళ్ళు తెలుగునాట లేరా అంటే ఉన్నారు, గట్టివాళ్ళే ఉన్నారు. 1902లో పుట్టిన గోపరాజు రామచంద్రరావు, గోరా, వృక్షశాస్త్రంలో ఎమ్మే చేశాడు. తన నాస్తికత్వం దాచుకోనందుకు అధ్యాపక ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడకి మార్చాడు. ఖమ్మం నుంచి రైల్లో పొద్దున పోయి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలో అది ఇప్పటికీ ఉంది. అంటరానితనం మీద పోరాడాడు, గాంధీజీతో దేవుడి గురించి వాదించాడు, ఆయన గౌరవం పొందాడు.

1931లో రామేశ్వరంలో పుట్టిన అబ్దుల్ కలాం ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదివాడు. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాలకి డైరెక్టరుగా క్షిపణులు తయారు చేయించాడు, రాష్ట్రపతి అయ్యాడు. దేవుడి మీద నమ్మకాన్ని ఎన్నడూ దాచుకోలేదు.

ఇద్దరూ సైన్సే చదివారు. చదువు ఒకరిని ఇటు, ఒకరిని అటు తీసుకుపోలేదు. ఇద్దరికీ తమ మాట మీద నిలబడే ధైర్యాన్ని మాత్రం ఇచ్చింది. ఖమ్మం జిల్లాలో ఎర్రజెండా బలంగా ఉన్న ఊళ్ళు పాతకాలం నుంచీ ఉన్నాయి. అక్కడ వేలిముద్ర వేసే రైతులు కూడా దేవుడు లేడన్నవాళ్ళున్నారు. నమ్మకపోవడానికి డిగ్రీ అక్కర్లేదు, నమ్మడానికి డిగ్రీ అడ్డం కాదు.

సందేహం వచ్చినవాళ్ళు

చదువు సందేహాలు తెస్తుందన్నది నిజం. అది కొత్త సంగతేమీ కాదు. ఇమామ్ గజాలీ బాగ్దాద్ నిజామియా మద్రసాలో పెద్ద ఆచార్యుడు. ఇస్లామీ లోకంలో అంతకు మించిన ఉద్యోగం అప్పట్లో లేదు. తనకి తెలిసిందంతా నిజమేనా అన్న సందేహంలో పడ్డాడు. 1095లో, మాట కూడా పెగలని స్థితిలో, ఆ పదవి వదిలేసి వెళ్ళిపోయాడు. ఏళ్ళ తర్వాత తిరిగి పాఠాలు చెప్పాడు, తన సందేహాల కథని దాచకుండా పుస్తకంగా రాశాడు. ఆయన గురువు ఇమామ్ జువైనీ గురించి ఇంకో మాట చెప్పుకుంటారు. జీవితమంతా తర్కశాస్త్రంలో మునిగిన ఆ పండితుడు, చివరి రోజుల్లో నీషాపూర్ ముసలమ్మల విశ్వాసం లాంటిది తనకి దక్కితే చాలునని కోరుకున్నాడట.

పన్నెండో శతాబ్దంలో అందలూసియా వైద్యుడు ఇబ్న్ తుఫైల్ రాసిన హయ్ ఇబ్న్ యఖ్జాన్ కథ కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మనుషులు లేని దీవిలో ఒక జింక పెంచిన పిల్లవాడు, బడి లేకుండా, గురువు లేకుండా, చుట్టూ ఉన్న ప్రకృతిని గమనిస్తూ తన తెలివితోనే సృష్టికర్త దాకా చేరుకుంటాడు. తాలీమ్ వేరు, అఖ్ల్ వేరు అని ఎనిమిది వందల ఏళ్ళ కిందటే ఒక ముస్లిం పండితుడు కథగా చెప్పాడు.

ఇంటికి తిరిగొస్తే

మొదటి ప్రశ్నకి జవాబు ఇప్పుడు ఒక్క మాటలో చెప్పొచ్చు. తెలివికీ, చదువుకీ, విశ్వాసానికీ మధ్య కొన్ని దేశాల్లో, కొన్ని కాలాల్లో చిన్న సంబంధం కనిపిస్తుంది. అది దేశం మారితే మారుతుంది. దాన్ని పట్టుకుని ఒక మనిషి తెలివి గురించి గానీ, ఈమాన్ గురించి గానీ తీర్పు చెప్పలేం. దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఈ లెక్కలేవీ తేల్చవు. ఎక్కువమంది తెలివైనవాళ్ళు ఒప్పుకున్నారనో, ఒప్పుకోలేదనో నిజం మారదు.

కాబట్టి సీటు వచ్చిన పిల్ల చదువు ఆపడానికి ఈ భయం కారణంగా సరిపోదు. మొదటి వహీ ఇఖ్రా అన్న మాటతో మొదలైందని ప్రతి ముస్లిం పిల్లకీ చిన్నప్పుడే చెబుతారు. ఆ మాట చెప్పిన ఇంట్లోనే చదువు ఈమాన్‌కి శత్రువని చెబితే, పిల్ల దేన్ని నమ్మాలి? పిల్ల దూరంగా పోతున్నప్పుడు కావాల్సింది తాళం కాదు, రోజూ ఒక ఫోను. హాస్టల్లో ఎవరితో ఉంటోంది, తింటోందా, దిగులుగా ఉందా అని అడగడం. ఏదైనా ప్రశ్న తెస్తే కసరకుండా వినడం. తెలియకపోతే తెలియదని చెప్పి, తెలిసినవాళ్ళ దగ్గరికి తీసుకుపోవడం. ప్రశ్న అడిగిన పిల్ల ఇంకా ఇంటితో మాట్లాడుతూనే ఉంది. అడగడం మానేసిన పిల్ల గురించి ఆలోచించాలి.

అలాగే సెలవులకి వచ్చిన కుర్రాడికి కూడా ఒక మాట చెప్పాలి. తస్బీ తిప్పే నానీ కాలేజీకి పోలేదు, నిజమే. కానీ అతని ఫీజు కట్టడానికి ఆమె తన చేతి గాజులు తీసిచ్చి ఉండొచ్చు. అతను ఇంటర్ పరీక్ష రాసిన పొద్దున ఫజర్ నమాజు తర్వాత చాప మీద నుంచి ఆలస్యంగా లేచి ఉండొచ్చు. ఆ ఆలస్యం ఎవరి కోసమో అతను ఒకసారి ఆమెనే అడగాలి.